గర్భసంచి ఎవరిది? సంతకం ఎవరిది?

‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేముంది? తీయించేస్తే పీడ పోతుంది.’ కర్నూలు, ఆదోని, నంద్యాల మొదలుకొని కడప, రాయచోటి వరకు ఈ మాట వినని స్త్రీ మన ఇళ్లలో అరుదు. గర్భసంచిని మనవారు ‘బచ్చేదాని’ అంటారు. పిల్లల సంచి అని పేరు పెట్టుకున్నాము గనుక, పిల్లలతోనే దాని పని తీరిపోయిందనుకున్నాము.

రెండేళ్ల క్రితం మా వీధిలోని ఒక సోదరి తెల్లబట్టతోను, నడుమునొప్పితోను బాధపడి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. ఆమెకు అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు. ఒక స్కానింగు, ‘ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాట, నాలుగో రోజున ఆపరేషన్. ఇంట్లో ఉన్న కొద్దిపాటి బంగారం కుదువకు పోయింది. తరువాత ఆమె ఆ కాగితాలు తెచ్చి, చదివి చెప్పమని మా చేతికిచ్చింది. ఉద్యోగకాలమంతా దస్త్రాల మధ్య గడిపిన వారము గనుక ముందుగా సంతకమే వెతికాము. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉన్నది. కింద భర్త సంతకం ఉన్నది. ఆమె సంతకం గాని, వేలిముద్ర గాని లేదు. తీసిన అవయవాన్ని పరీక్షకు పంపినట్టు ఒక్క నివేదికా లేదు. రెండు సెంట్ల స్థలం అమ్మాలన్నా హక్కుదారు సంతకం లేనిదే రిజిస్ట్రారు కాగితం ముట్టుకోడు. స్త్రీ శరీరానికి ఆపాటి విలువైనా లేదా?

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఏ రాష్ట్రమూ మనలను మించలేదు. 7.7 శాతంతో తెలంగాణ మన వెనుకనే ఉన్నది. మన స్త్రీలకు మాత్రమే ప్రకృతి పాడైపోయిన గర్భాశయాలను ఇచ్చిందా? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత ప్రైవేటు ఆసుపత్రులలో ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, చివరకు ప్రభుత్వమే వాటిని సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేయవలసి వచ్చింది. రోగి కోసం పెట్టిన పథకం బిల్లు కోసం రోగిని వెతికింది.

మేము శస్త్రచికిత్సకు వ్యతిరేకులము కాము. క్యాన్సర్ తేలినప్పుడు, ఏ మందుకూ ఆగని రక్తస్రావం ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది ప్రాణదానమే. మా పోరు మొదటి మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టుకు దూకించే వైద్యం మీద. తెల్లబట్ట చాలావరకు మాత్రలతో నయమయ్యే ఇన్ఫెక్షన్. కొన్ని సందర్భాలలో భర్త కూడా మందు వాడవలసి ఉంటుంది. భర్త మాత్ర మింగడానికి సిగ్గుపడితే భార్య అవయవం కోల్పోవాలా? అధిక రక్తస్రావానికి ముందు రక్తహీనతను, థైరాయిడ్‌ను పరీక్షించాలి. రక్తాన్ని తగ్గించే మాత్రలున్నాయి, హార్మోను మందులున్నాయి, గర్భాశయంలో అమర్చే హార్మోను లూపు ఉన్నది. గడ్డలుంటే గడ్డను మాత్రమే తీసే విధానం ఉన్నది. గర్భసంచి జారితే వ్యాయామాలు, లోపల అమర్చే రింగు ఉన్నాయి. క్యాన్సర్ అనుమానమైతే ముఖద్వారపు పరీక్ష, ముక్క పరీక్ష చేసి తేల్చాలి గాని, భయపెట్టి కాదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పయ్యేళ్ల స్త్రీకి ఒక్కరోజులో ముట్లుడిగిన వయసు వస్తుంది. ఎముకలు గుల్లబారుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలికి పోయే స్త్రీకి నడుమే ఆస్తి కదా!

చట్టం మన పక్షాన లేకపోలేదు. రోగనిర్ధారణ కోసం మత్తు ఇచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అంగీకారంతో గర్భాశయాన్ని, అండాశయాలను తీసివేసిన ఢిల్లీ కేసులో, 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ అంగీకారం చెల్లదన్నది. అదే సమీరా కోహ్లీ కేసు. వయసు వచ్చి, తెలివిలో ఉన్న స్త్రీ తరఫున తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎట్లా చెల్లుతుంది? అనవసర గర్భాశయ ఆపరేషన్ల నివారణకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్ 5న అదే న్యాయస్థానం ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కర్నూలు, నంద్యాల, కడప, రాయచోటిలలో ఆ కమిటీ సభ్యులెవరు? నలభై ఏళ్ల లోపు స్త్రీలకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, ఏ కారణంతో జరిగాయి? ఈ వివరాలను ఆసుపత్రి గోడ మీద అంటించాలని కలెక్టర్లను అడుగుతున్నాము.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే మన తప్పు కప్పిపుచ్చుకున్నట్టే. ‘మాటిమాటికీ డాక్టరు ముందుకు ఎందుకు, ఒక్కసారి తీయిస్తే సరి’ అనేది మన ఇంటి పెద్దలే. పరదా పేరుతో పరీక్షను వాయిదా వేసి, చివరకు ఆపరేషన్ బల్ల మీదికి పంపేది మనమే. స్త్రీ వైద్యురాలు కావాలని అడగడం హక్కు, వైద్యమే వద్దనడం అన్యాయం. పట్టణ ఆరోగ్య కేంద్రాలలో మహిళా వైద్యురాలు ఉండాలని, అంగీకార పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలని మసీదు కమిటీలు వినతిపత్రం ఇవ్వాలి. పెళ్లిళ్ల దస్త్రం రాయగలిగిన కమిటీకి ఈ వినతి రాయడం కష్టం కాదు.

సోదరీమణులారా! ఆపరేషన్ అన్న మాట వినగానే నాలుగు ప్రశ్నలు అడగండి. నా జబ్బు పేరేమి? మందులతో ఎంతకాలం ప్రయత్నించారు? అండాశయాలు ఉంచుతారా? తీసినదానిని పరీక్షకు పంపుతారా? ప్రాణాపాయం లేనప్పుడు కర్నూలు సర్వజన వైద్యశాలలోనో, కడప రిమ్స్‌లోనో రెండవ అభిప్రాయం తీసుకోండి. మీ కాగితాలు మీవి. అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలని వైద్యమండలి 2002 నియమావళి చెప్పుచున్నది. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి, మీ బదులు ఎవరినీ వేయనివ్వకండి.

శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాని మీద సంతకం చేసే హక్కు అది ఎవరి చేతిలో ఉన్నదో వారిదే. ఆ సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా చెవిలో ఉన్నది. ‘చాచా, ఇంతకీ నాకున్న జబ్బేమిటని రాసి ఉంది ఇందులో?’ కాగితాలన్నీ తిరగేశాము. ఆమెకు చెప్పడానికి మాకు ఒక్క మాట దొరకలేదు.