ఇంజెక్టర్ కొలత రసీదు మీద ఉండాలి

రవాణా శాఖ కమిషనర్ గారికి,

డీజిల్ ఇంజెక్టర్ ఒక్కో స్ట్రోకుకు చిమ్మేది కొన్ని పదుల ఘన మిల్లీమీటర్ల ఇంధనమే. మామూలు వర్క్‌షాపులో అంత చిన్న మోతాదును విడిగా కొలవడం కుదరదు. అందుకే టెస్ట్ బెంచి మీద వెయ్యి స్ట్రోకుల నూనెను గీతలున్న గాజు గొట్టంలోకి పట్టి, వెయ్యితో భాగిస్తారు. గొట్టంలో 50 మిల్లీలీటర్లు చేరితే స్ట్రోకుకు 50 ఘన మిల్లీమీటర్లన్నమాట.

తప్పు దొర్లేది ఈ గొట్టం దగ్గరే. నురగ అణగకముందే చదివితే అంకె ఎక్కువ పడుతుంది. కిందటి విడత నూనెను పూర్తిగా కారనివ్వకపోతే గోడలకు అంటిన తడి కూడా లెక్కలో కలుస్తుంది. కన్ను గీతకు సమంగా ఉండాలి, ద్రవం అడుగు వంపు దగ్గరే చదవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు వేడి: పది డిగ్రీలు పెరిగితే నూనె ఘనపరిమాణం సుమారు 0.8 శాతం పెరుగుతుంది. తూకంతో లెక్కగడితే ఈ తేడా తగ్గుతుంది. బెంచిలో బంకు డీజిల్ కాక, ఐఎస్ఓ 4113 ప్రమాణపు క్యాలిబ్రేషన్ ఆయిలే పోయాలి.

ఇంత జాగ్రత్తగా కొలవడం ఎందుకంటే, వాహనాలకు చేసే పొగ పరీక్ష మొత్తం ఇంజన్ పొగనే చూస్తుంది. ఏ సిలిండరుకు ఇంధనం ఎక్కువ పోతోందో చెప్పదు. కాబట్టి ప్రతి ఇంజెక్టర్ కొలతనూ, నూనె ఉష్ణోగ్రతనూ, స్ట్రోకుల సంఖ్యనూ వర్క్‌షాపు రసీదు మీద రాయడం శాఖ తప్పనిసరి చేయాలి.