వారానికి నలభై గంటలు ఎవరివి?

"పిల్లాడి దగ్గరే కూకుంటే పనికెవులెళ్తారమ్మా?" అని పలాసలో జీడిపిక్కల పనికెళ్లే ఒక తల్లి నన్నడిగింది. కొడుక్కి ఆటిజం. ప్రతి పనినీ చిన్న ముక్కలు చేసి, చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పమన్నారట. నీళ్లు అడగడం అలాగే నేర్చాడు, కాదనను.

కానీ ఈ పద్ధతికి పేరు తెచ్చిన 1987 నాటి లోవాస్ అధ్యయనంలో వారానికి 40 గంటలు నేర్పింది శిక్షణ పొందిన విద్యార్థులు. ఇక్కడ ఆ గంటలన్నీ తల్లి నెత్తినే. తొడమీద దెబ్బ కూడా ఆ అధ్యయనంలో ఉంది, అది మనకొద్దు. చేతులాడిస్తే మాన్పించడం ఎవరి సుఖానికి?

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. మండల భవిత కేంద్రంలో శిక్షణ పొందిన మనిషి కావాలి, తల్లి పోగొట్టుకున్న కూలి కట్టివ్వాలి. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కి ఈ అర్జీతోనే వెళ్తున్నాం.