ఇరవై ఒకటిని పదిహేను చేస్తే ఎవరికి లాభం?

బాడ్మింటన్ గేముని ఎలాగైనా కుదించాలని ప్రపంచ సమాఖ్యకి ఎప్పట్నుంచో ఆత్రం. 11 పాయింట్లతో ఐదు గేములు అన్న ప్రతిపాదన 2018లో వీగిపోయింది. 2021లో మూడింట రెండొంతుల మెజారిటీ వెంట్రుకవాసిలో తప్పింది. 2025లో 15 పాయింట్ల గేముల్ని కొన్ని టోర్నీల్లో ఆడించి చూశారు. ఉత్కంఠ పెరుగుతుందట! పెరగదా మరి, బొమ్మా బొరుసూ వేసినా ఉత్కంఠే.

దీనికి పెద్ద గణితమేమీ అక్కర్లేదు, పది లైన్ల ప్రోగ్రాం చాలు. నూరు పాయింట్లలో 55 గెలవగల ఆటగాడిని తీసుకోండి. 21 పాయింట్ల మూడు గేముల పద్ధతిలో అతను నూటికి సుమారు 84 మ్యాచులు గెలుస్తాడు. 15 చేస్తే 80. ఓస్ నాలుగేనా అనకండి. తనకన్నా తక్కువవాడి చేతిలో ఓడేవి 16 నుంచి 20 అయ్యాయి, అంటే పావు వంతు పెరిగాయి. అదే ఒక్క 15 పాయింట్ల గేముతో తేల్చేస్తే గెలిచేవి 71 మాత్రమే.

బాస్కెట్‌బాల్ వాళ్ళకి ఇది బాగా తెలుసు. ఎన్‌బీఏ ఫైనల్లో ఏడింట నాలుగు గెలిస్తేనే కప్పు. అమెరికా కాలేజీల టోర్నీలో మాత్రం ఒక్కటి ఓడితే ఇంటికే, అందుకే అక్కడ అన్ని సంచలనాలు. మన భీమవరం వైపు సంక్రాంతి పందాలూ అంతే. కత్తి ఒక్కసారి దిగితే సరి, రెండో గేముకి కోడి మిగలదు. పందెం కాసేవాడికి అదే కిక్కు, ఒప్పుకుంటా. ఆటలు నేర్చుకునే పిల్లలకి ఎందుకండీ ఆ కిక్కు?

2022 థామస్ కప్ ఫైనల్ గుర్తుందా? మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి కలిసి ఇండోనేషియా జంటని 18-21, 23-21, 21-19తో గెలిచారు. కూడి చూడండి, 62కి 61! అన్ని పాయింట్లు ఆడినా తేడా ఒక్కటే. అదృష్టం వాటా ఇప్పటికే ఇంత ఉంటే, రూలు మార్చి మరీ పెంచడమెందుకు?

పొట్టి ఆటలో చిన్నవాడికీ అవకాశం ఉంటుందని కొందరి వాదన. వినడానికి బానే ఉంటుంది. ఆ అదృష్టం ఒక మ్యాచ్ గెలిపిస్తుందేమో గానీ, వరసగా ఐదు గెలిపించదు. నష్టపోయేది అసలైన ఆటగాడే. హైదరాబాద్ అకాడమీ కుర్రాడికి ఇవాళ కాకపోతే వచ్చే నెల ఇంకో టోర్నీ. ముమ్మిడివరం నుంచి తెల్లారుజామున బస్సెక్కి రాజమండ్రి సెలెక్షన్‌కి వచ్చిన అమ్మాయికి ఏడాదికి దొరికేది ఆ ఒక్క రోజు. చాలాచోట్ల తొలి రౌండ్లు ఒక్క గేముతోనే ముగిస్తారు. పది నిమిషాలు కలిసిరాకపోతే, మధ్యాహ్నం భోజనాల వేళకి బస్టాండ్‌లో ఉంటుంది. వాళ్ళ నాన్న "మనకి రాసిపెట్టి లేదమ్మా" అంటాడు. రాసిపెట్టింది బ్రహ్మ కాదు సార్, డ్రా వేసినాయన!

టైం సరిపోదంటారా? పెద్ద టోర్నీల్లో తువ్వాళ్ళకీ, కోర్టు తుడవడానికీ పోయే టైం తగ్గించండి. ఒళ్ళు హూనమవుతోందంటే టోర్నీల సంఖ్య తగ్గించండి. జిల్లా సెలెక్షన్లలో నాకౌట్ మానేసి, నలుగురేసి పిల్లల్ని గ్రూపులు చేసి లీగ్ ఆడించండి. ఇంకో రోజు పడుతుంది, నాలుగు డబ్బాల షటిల్స్ ఎక్కువ అవుతాయి, అంతేగా.