పళ్ళ క్లినిక్ తలుపు మూస్తే...

పంటి నొప్పి వచ్చిందంటే మన ఇళ్ళల్లో మొదట లవంగం, తర్వాత ఉప్పునీళ్ళు, అప్పటికీ తగ్గకపోతే మందుల షాపు బిళ్ళ. డాక్టరు మాట ఎత్తేది ఆఖర్న. అదీ ఇల్లాలి పన్నయితే అందరికంటే ఆఖర్న! ఇలా వాయిదాలు వేసుకునే మనకి, 2020లో ప్రభుత్వమే వాయిదా వేసుకోమని చెప్పింది.

ఆ ఏడాది మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక్క కరోనా కేసూ బయటపడలేదు. శ్రీకాకుళంలో ఏప్రిల్ నెలాఖర్న, విజయనగరంలో మే మొదట్లో తొలి కేసులు వచ్చాయి. కానీ జబ్బు కంటే ముందే నష్టం వచ్చేసింది. పన్ను అరగదీసే మిషను నీటి తుంపర్లు గదంతా చిమ్ముతుంది. అందుకే మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ, కేసులు తక్కువున్న చోట కూడా అత్యవసరమైన వైద్యం తప్ప మిగతావి ఆపమంది. క్లీనింగులు, క్లిప్పులు, కట్టుడు పళ్ళు అన్నీ ఆగిపోయాయి.

ఆదాయం ఆగింది సరే, గది అద్దె ఆగుతుందా? కుర్చీ కోసం తెచ్చిన అప్పు ఆగుతుందా? మళ్ళీ తెరిచాక పీపీఈ కిట్లు, ఎన్95 మాస్కుల ఖర్చు తోడయింది. ఒకరు లేచాక గది గాలి మారేదాకా ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు. అంటే ఖర్చు పెరిగింది, చూసే మనుషులు తగ్గారు. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ పెట్టారు. వైద్యానికి మినహాయింపు ఉన్నా, బస్సులు లేకపోతే పల్లెల నుంచి రాజాం, బొబ్బిలి, పలాస వంటి ఊళ్ళకి వచ్చేదెవరు?

"డాక్టర్లకేం లెండి!" అనుకుంటాం. కానీ బీడీఎస్ చదివేవాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ. చిన్న ఊళ్ళో క్లినిక్ పెట్టడానికి నగలు తాకట్టు పెట్టిన ఇళ్ళు ఎన్ని లేవు! రిజర్వుబ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు కట్టకపోయినా ఫర్వాలేదంది. అది గడువే గానీ మాఫీ కాదు. వడ్డీ పెరుగుతూనే ఉంది. రెండు కోట్ల లోపు అప్పులకి వడ్డీ మీద వడ్డీ మాత్రం ప్రభుత్వం తర్వాత భరించింది.

డాక్టరుకి ఆ గడువైనా దక్కింది. మరి పక్కన నిలబడి పనిముట్లు కడిగి అందించే అమ్మాయికి? సాయంత్రం ఆ జీతం తీసుకెళ్ళి పిల్లల ఫీజు కట్టే తల్లికి? పదిమంది పనిచేసే చోటైతేనే ఈఎస్ఐ తప్పనిసరి. ఇద్దరు ముగ్గురుండే క్లినిక్‌లో అదీ లేదు. తలుపు మూసిన రోజే ఆమెకి జీతం ప్రశ్న అయింది. నష్టం ఎప్పుడూ పల్లానికే పారుతుంది. చివరికి చేరేది ఏ కాగితంలోనూ పేరులేని ఆడదాని దగ్గరికే.

క్లినిక్ నడిపే అక్కచెల్లెళ్ళకి ఓ మాట. మంచి రోజుల్లోనే మూడు నెలల అద్దె, జీతాలు విడిగా దాచండి. ఆ లెక్కలో మొదటి వరస సహాయకురాలి జీతం రాయండి. పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్ళ కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ నమోదు పెట్టారు. దానికి ఖర్చేం లేదు. ఆమె పేరు రాయించే పని మీరే చేయించండి. ఏ కష్టం వచ్చినా, సాయం అందాలంటే ముందు పేరుండాలి కదా!

ఇక మన సంగతి. చిన్న పుచ్చుకి సిమెంటు పెట్టించుకుంటే పోయేదాన్ని నెలల తరబడి ఆపితే రూట్ కెనాల్ దాకా వెళ్తుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అప్పుడు వాయిదాకి కరోనా కారణం. ఇప్పుడేం కారణం? ఈ నెల ఇంటి ఖర్చుల చీటీలో మీ పన్నుకీ ఓ గీత గీయండి.