బడి ముందా, బొగ్గు ముందా?

బొగ్గు చరిత్ర అడగండి, మా వైపు ఎవరైనా టకటకా చెప్పేస్తారు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ రోజు పండగ కూడా చేస్తారు. మరి మన ఊళ్లో మొదటి ప్రాథమిక బడి ఎప్పుడు పెట్టారు? ఇంటికెళ్లినప్పుడు నలుగురైదుగురిని అడిగి చూశాను. మొహాలు చూసుకున్నారు.

ఆ తేదీతో పనేంటి అంటారా? మా తాత తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాడు. జీతం రోజు వేలిముద్ర వేసి, చేతిలో పెట్టింది తెచ్చుకునేవాడు. కాగితం మీద ఎంత రాశారో ఆయనకు తెలిసే దారి లేదు. మా నాయన కాలానికి క్వార్టర్ల పక్కన రేకుల షెడ్డులో బడి వచ్చింది. ఒకే సారు, ఐదు తరగతులు. అక్కడ అక్షరాలు దిద్దిన మనిషే తర్వాత మైనింగ్ సర్దార్ పరీక్ష రాశాడు. గనిలో గ్యాసు ఉందో లేదో చూసి పదిమందిని లోపలికి పంపాల్సిన బాధ్యత సర్దార్‌ది. చదవడం రాకుండా ఆ సర్టిఫికెట్ రాదు, రాకూడదు కూడా. "బాయిలోకి పోయేవాడికి బడెందుకు" అనే పెద్దమనుషులకు ఈ ఒక్క సంగతి చాలు.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఇప్పుడు భూగర్భ గనులు తగ్గి ఓపెన్ కాస్టులు పెరిగాయి. ఓపెన్ కాస్టు కింద ఊరు పోతే ఊరి బడీ పోతుంది. 2013 భూసేకరణ చట్టం పునరావాస కాలనీలో ఉండాల్సిన సౌకర్యాల్లో బడిని కూడా చేర్చింది. సంతోషం. కానీ గడువు చూడండి: అవార్డు ఇచ్చిన నాటి నుంచి 18 నెలలు. ఆఫీసు లెక్కలో 18 నెలలు పెద్ద ఆలస్యం కాదు. ఆరేళ్ల పిల్లకు మాత్రం ఒకటో తరగతి మొత్తం, రెండో తరగతిలో సగం.

ఇంకో విచిత్రం. అదే చట్టం, అదే సెక్షన్, సాగునీటి ప్రాజెక్టుల దగ్గరికి వచ్చేసరికి భూములు మునగడానికి 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలంటుంది. నీళ్లలో మునిగే ఊరికి ఒక న్యాయం, మట్టిగుట్టల కింద మునిగే ఊరికి ఇంకో న్యాయమా?

"అప్పటిదాకా బస్సు పెడతాం కదా" అంటారు. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద ఒకటో తరగతి పిల్లల్ని బస్సెక్కించి చూడండి. తల్లులు పంపరు. కాస్త కలిగినవాళ్లు పిల్లల్ని టౌన్లో ప్రైవేటు బడిలో వేస్తారు, లేనివాళ్ల పిల్లలు ఇంట్లో ఉంటారు. తీరా కొత్త బడి తెరిచాక "పిల్లలు లేరు, పక్క బడిలో కలిపేద్దాం" అనే మాట ఎలాగూ వస్తుంది.

మన సివిల్ వాళ్లు సీపీఎం నెట్‌వర్కులు గీస్తారు కదా. పాత బడి కూల్చడం ఒక యాక్టివిటీ అయితే, దానికి ముందు పూర్తి కావాల్సింది కొత్త బడి గోడలు లేపడం కాదు, అందులో సారు హాజరు పిలవడం. నేనడిగేది ఆ ఒక్క బాణం గురించే. రెండు గదులు, ఒక బోరు, మరుగుదొడ్లు. కొండంత మట్టి తవ్వి పోసే ప్రాజెక్టులో ఇదో ఖర్చా?

మైనింగ్ బ్రాంచి అన్నలూ అక్కలూ, రేపు ఆ ప్లాన్ల మీద సంతకాలు పెట్టేది మీరే. పెట్టే ముందు ఆ బాణం ఎటు తిరిగి ఉందో కాస్త చూడండి.