వేడివైపునకు నడచు నీరు

వేసవి వచ్చినంతనే మన నాందేడులో నీటికుండకు తడిగుడ్డ చుట్టుదుము. గుడ్డలోని నీరు ఆవిరియై పోవుచు కుండలోని వేడిని గూడ తీసికొనిపోవును. వేడి నీటిని తరిమివేయునని మనమందరము ఎరుగుదుము. అది నిజమే గాని సంపూర్ణ సత్యము కాదు.

ఇంగ్లీషులో ఫ్యూయెల్ సెల్ అని పిలువబడు ఇంధన ఘటమును చూడుడు. అందులో ఒకవైపునకు ఉదజని, మరియొకవైపునకు ప్రాణవాయువు వచ్చి చేరును. నడుమ పలుచని పొర యుండును. ఉదజనినుండి విడివడిన ప్రోటానులు ఆ పొరగుండ ఆవలికి పోవును. ఎలక్ట్రానులు బయటి తీగగుండ పోవుటచే విద్యుత్తు లభించును. తుదకు పుట్టునది నీరే. పొర తడిగా నున్నంతవరకే ప్రోటానులకు దారి. అది యెండినచో విద్యుత్తు తగ్గును. నీరు మితిమీరి నిలిచినచో ప్రాణవాయువు లోనికి రాజాలదు.

సామాన్యముగా నిట్టి ఘటములు 60 మొదలు 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో పనిచేయును. వేడి మరింత పెరిగినచో పొర యెండును. అయితే పొరకు ఒకవైపు ఎక్కువ వేడిగను, మరియొకవైపు తక్కువ వేడిగను ఉన్నప్పుడు, నఫియాన్ వంటి నీటిని పీల్చుకొను పొరలో నీరు చల్లనివైపునుండి వేడివైపునకు నడచును! దానిని ఆనుకొనియున్న రంధ్రములు గల పొరలలో మాత్రము ఆవిరి వేడివైపునుండి చల్లనివైపునకు పోయి నీరగును. ఇట్టి ఎదురెదురు ప్రవాహములను సరితూచుటయే నిర్మాతల పని.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2024 జనవరి 1న ఆంధ్రప్రదేశములోని శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-58 రాకెట్టు ఎగసినది. దాని నాల్గవ దశపై నమర్చిన ఇట్టి ఘటమును ఇస్రోవారు పరీక్షించిరి. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్ల విద్యుత్తు నిచ్చినది.

“మహారాష్ట్రములో నుండి శాస్త్రమును తెలుగులో చదివిన నేమి ఫలము?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఆ చింత అకారణము కాదు. మన బిడ్డలకు మరాఠీ, ఇంగ్లీషు రెండును రావలెను. కాని “వేడికి నీరు ఎండును” అని వల్లెవేసిన బాలుడు అక్కడనే ఆగిపోవును. ఎందుచేత, ఎప్పుడు అట్లు కాదు, అని అడుగుటకు ఇంట మాటలాడు భాషయే తోడ్పడును. భావము పట్టుబడిన పిమ్మట పరభాషలోని పేరు నేర్చుకొనుట ఒక పూట పని. భావము పట్టుబడనిచో ఏ భాషలోని పేరైనను భారమే యని మా అభిప్రాయము.

తల్లిదండ్రులారా! నేటి రాత్రి భోజనమువేళ, నీరు వేడివైపునకు ఎట్లు నడచునో చెప్పుమని మీ బిడ్డను అడుగుడు. ఆ సమాధానము విన్న తరువాత తెలుగు చదువు విలువను మీరే నిర్ణయింపుడు.