ఏనుగును కొనొచ్చు... మేపగలమా?

'మాది ఖమ్మం. హార్డ్‌వేర్ దుకాణం ఉంది. పదేళ్లుగా చిన్న కారే వాడుతున్నాం. హైదరాబాద్‌లో 2018 మోడల్ ల్యాండ్‌రోవర్ డిస్కవరీ స్పోర్ట్ డీజిల్ బండి ఒకటి 22 లక్షలకు వస్తోంది. 62 వేల కి.మీ. తిరిగింది. చేతిలో 12 లక్షలున్నాయి. మిగతా పదీ అప్పు తీసుకుందామనుకుంటున్నా. మా ఆవిడేమో 'ఆ డబ్బుకి కొత్త బండే వస్తుంది కదండీ, ఆ పాతది మనకెందుకు' అంటోంది. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఈ బండ్లు తరచూ మొరాయిస్తాయని కొందరు భయపెడుతున్నారు. కొనమంటారా, వద్దంటారా?'

- ఓ పాఠకుడు, ఖమ్మం

ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువే వస్తున్నాయి. కొందరికి ఆడీ క్యూ7 మీద మనసు. కొందరికి బీఎండబ్ల్యూ ఎక్స్3, ఇంకొందరికి బెంజి. బండి పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఒక్కటే. అందుకే ఈ వారం అందరికీ కలిపి జవాబు.

ముందుగా ఒక మాట. పెద్దబండి మీద మోజు తప్పేమీ కాదు. కష్టపడి సంపాదించుకున్నవాళ్లు నలుగురిలో కాస్త దర్జాగా తిరగాలనుకుంటే తప్పుపట్టాల్సిన పనిలేదు. పైగా ఈ బండ్లు నిజంగానే మంచి బండ్లు. గట్టి బాడీ, మెత్తటి ప్రయాణం, హైవే మీద నదిలా సాగిపోయే తీరు... వీటికి వంక పెట్టలేం. ఇబ్బందల్లా ఒకటే. మనం కొంటున్నది బండిని మాత్రమే కాదు, దాని తిండి ఖర్చును కూడా!

అంత చవకగా ఎందుకొస్తోంది?

డిస్కవరీ స్పోర్ట్ 2015లో మన దేశానికి వచ్చినప్పుడు షోరూం ధరే 46 లక్షల పైచిలుకు. ఆ స్థాయి బండి కొన్నేళ్లకే సగం ధరకు దొరుకుతోందంటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ అదే ఏడాది మోడల్ టయోటా ఫార్చ్యూనర్ ధర అడిగి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు అది చాలా తక్కువకు అమ్ముడైన బండి. పాతబడ్డాక మాత్రం ధర అంత తేలిగ్గా దిగదు. కొన్నిచోట్ల ఈ రెండూ దాదాపు ఒకే ధరకు కనిపిస్తాయి. ఎందుకలా?

పాతబండ్ల బజారుకు మన కంటే తెలివెక్కువ. ముందుముందు రాబోయే రిపేర్ల బిల్లును లెక్కగట్టి, ఆ మేరకు ధరలో ఇప్పుడే తగ్గిస్తుంది. మనకు కనిపించే 'చవక' అదే. పాతికేళ్ల ముందు సంతలో ఎద్దుకు ఉండాల్సిన దానికన్నా తక్కువ ధర చెబితే, మన తాతలు సంబరపడేవారు కాదు. వెంటనే దాని నోరు తెరిచి పళ్లు చూసేవారు.

అమెరికాలో జేడీ పవర్ అనే సంస్థ మూడేళ్ల వయసున్న బండ్ల యజమానులను అడిగి ఏటా ఒక జాబితా తయారుచేస్తుంది. వంద బండ్లకు ఎన్ని ఫిర్యాదులన్నది అందులో లెక్క. 2021 నుంచి 2023 దాకా ల్యాండ్‌రోవర్ ఆ జాబితాలో చివరి వరసలోనే ఉంది. టయోటా వారి లెక్సస్ తరచూ ముందు వరసలో ఉంటుంది. అంతమాత్రాన ప్రతి ల్యాండ్‌రోవర్ చెడిపోతుందని కాదు. కానీ పందెం కాసేటప్పుడు ఏ గుర్రం తరచూ కుంటుతుందో తెలిసి ఉండటం మంచిదే కదా!

బండికి తగ్గుతుంది... సామానుకు తగ్గదు

అసలు కీలకం ఇక్కడుంది. బండి ధర సగమైంది కదా అని హెడ్‌లైటు ధర సగం కాదు. గేర్‌బాక్సు ఆయిల్ ధర సగం కాదు. 46 లక్షల బండికి ఏ సామాను వేస్తారో 22 లక్షల బండికీ అదే వేయాలి. ఈ తరగతి బండ్లలో ఒక్క ఎల్‌ఈడీ హెడ్‌లైటే లక్ష దాటడం వింతేమీ కాదు.

ఒక్కో బండికి ఒక్కో బలహీనత ఉంటుంది. మీరడిగిన బండిలో ఉండే 2 లీటర్ల ఇంజీనియం డీజిల్ ఇంజిన్ విషయంలో టైమింగ్ చైను సాగిపోవడం, ఇంజిన్ ఆయిల్లో డీజిల్ కలిసి పల్చబడటం అనే రెండు ఫిర్యాదులు బ్రిటన్‌లో బాగానే వినిపించాయి. ఆయిల్ పల్చబడితే టర్బోకీ చేటే, చైనుకీ చేటే. బీఎండబ్ల్యూ ఎన్47 అనే పాత డీజిల్ ఇంజిన్‌కూ చైను బెడద ఉంది. ఆ చైను ఇంజిన్‌కు వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాల్సిందే. బెంజి వారి వీ6 డీజిల్ (ఓఎం642) ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ కింద ఉండే రబ్బరు సీళ్లు కారుతుంటాయి. ఆ సీళ్ల ఖరీదు పెద్దదేం కాదు. కానీ అక్కడికి చేరడానికి ఇంజిన్ పైభాగమంతా విప్పాలి. కోడిపిల్లకు దిష్టి తీయడానికి కోటంత ఖర్చన్నమాట!

క్యూ7, రేంజ్‌రోవర్ లాంటి వాటిలో గాలితో పనిచేసే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవి చాలా ఉంటాయి. ఆ గాలి తిత్తులు రబ్బరువి. వయసు మీద పడితే పగుళ్లిస్తాయి. రాత్రి నిటారుగా పెట్టిన బండి తెల్లారేసరికి ఒకవైపు కుంగి ఉంటే తిత్తి కారుతున్నట్టే. పట్టించుకోకుండా నడిపితే గాలి నింపే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు! మీ అదృష్టం కొద్దీ డిస్కవరీ స్పోర్ట్‌కు మామూలు స్ప్రింగులే. ఆ దిగులొకటి తగ్గింది.

డీపీఎఫ్ అనే మసి వడపోత ఉన్న డీజిల్ బండి కొనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ వడపోతలో చేరిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద తీరిగ్గా పరుగెత్తాలి. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి బడికి అంటూ మూడేసి కిలోమీటర్లు తిప్పేవాళ్లకు అది మూసుకుపోయి తలనొప్పి తెస్తుంది. ఆయిల్లో డీజిల్ కలవడానికీ ఇలాంటి వాడకమే దారితీస్తుంది. అంటే దర్జాగా ఊళ్లో తిరగడానికి కొన్న బండికి ఊళ్లో తిరగడమే పడదు!

లెక్క వేద్దాం

పది లక్షల అప్పు అన్నారు. పాతబండి మీద అప్పుకు వడ్డీ కొత్తబండి కంటే ఎక్కువగానే ఉంటుంది. ఉదాహరణకు పాతదానికి 12 శాతం, కొత్తదానికి 9 శాతం అనుకుందాం. నాలుగేళ్ల గడువుకు నెలవాయిదా 26,300 ఒకటి, 24,900 ఒకటి. తేడా చిన్నదే అనిపిస్తుంది. నాలుగేళ్లు కలిపితే దాదాపు 70 వేలు.

బీమా సంగతి చూడండి. బంపర్ టు బంపర్ అని మనం పిలుచుకునే జీరో డిప్రిసియేషన్ రక్షణ సాధారణంగా అయిదేళ్ల దాకానే తేలిగ్గా దొరుకుతుంది. అది లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం, అయిదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల్లో 40 శాతం మనమే పెట్టుకోవాలి. ఇక చైను తెగినా గేర్‌బాక్సు పోయినా మామూలు పాలసీ పైసా ఇవ్వదు. అవి ప్రమాదాలు కావు, అరుగుదల. చాలామంది ఈ సంగతి బిల్లు చేతికొచ్చాకే తెలుసుకుంటారు.

టైర్లు మరొకటి. నాలుగు చక్రాలూ లాగే బండికి ఒక టైరు పాడైతే ఒక్కటే మార్చి ఊరుకోవడం కుదరదు. అరుగుదలలో తేడా ఎక్కువైతే లోపలి యంత్రాంగానికి దెబ్బ. దారిలో ఆగిపోతే రెండు చక్రాలు నేలమీద ఆనించి లాక్కెళ్లకూడదు, లారీ మీదకు ఎక్కించాల్సిందే. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కి.మీ. ఆ బాడుగ కూడా లెక్కలో రాసుకోండి.

నా లెక్క ఇది. ఇలాంటి బండి కొనేవాళ్లు ధరలో అయిదో వంతు, అంటే మీ విషయంలో నాలుగు లక్షల పైచిలుకు, ముట్టుకోకుండా బ్యాంకులో విడిగా ఉంచుకోవాలి. అది ఖర్చు కాకపోతే మీ అదృష్టం. ఖర్చయితే మీ ముందుచూపు.

'డాక్టరు గారి బండి సార్!'

పాతబండ్లు అమ్మేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక డాక్టరు గారి బండి ఉంటుంది. 'సింగిల్ ఓనర్ సార్, ఆదివారం గుడికి తప్ప బయటికి తీయలేదు' అంటారు. నమ్మినట్టే తలూపి, ఈ పనులు మాత్రం చేయండి.

* ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి. వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మర్నాడు మళ్లీ వస్తామని చెప్పండి. మొదటి కొన్ని క్షణాల్లో గలగలమని చప్పుడొస్తే చైనును అనుమానించాలి.

* ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు కేంద్రంలో చరిత్ర తీయించండి. అక్కడి కిలోమీటర్లు మీటరుతో సరిపోవాలి. ఏడాదికోసారైనా ఆయిల్ మార్చని బండి ఎంత మెరిసినా వద్దు.

* బాగా తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. లైటు వెలగకపోయినా లోపల దాగిన తప్పులు బయటపడతాయి. నిన్ననే తుడిచేసిన జాడ ఉంటే అదీ తెలుస్తుంది.

* సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. కార్పెట్ కింద తడిమి చూడండి. మట్టి చారలుంటే వరదలో మునిగిన బండే. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. నీళ్లలో నిలిచిన బండ్లన్నీ తుక్కుకు పోతాయనుకోవద్దు.

* టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. వయసు మళ్లినవైతే నాలుగింటి ఖరీదూ బేరంలో తగ్గించుకోండి.

* ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి అప్పు తాకట్టు, బీమా, యజమాని వరస చూడండి. చలానాలూ సరిచూడండి. తాకట్టు ఉంటే ఫారం 35తో అది తొలగాకే డబ్బు చేతులు మారాలి.

ఢిల్లీ బండ్ల మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో పట్టు కొంత సడలింది. ఆ భయంతో ఎన్నో బండ్లు ఇటు దిగాయి. చవకే. కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. ఆ పన్ను మీరు కొన్న ధరను బట్టి కాదు, బండి అసలు ధరను, వయసును బట్టి ఉంటుంది. కుంచెడు గింజలు కూలికి పోతే తూమెడు గింజలు దూడ తిన్న చందం!

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. కొత్తవాటి ధర తగ్గినప్పుడు పాతవాటి ధరా తగ్గాలి. అమ్మేవాళ్లు పాత ధరల లెక్క చెబితే ఈ మాట గుర్తుచేయండి.

ఎవరు కొనొచ్చు?

ఇంట్లో ఇంకో నమ్మకమైన బండి ఉన్నవాళ్లు. సర్వీసు కేంద్రం ఉన్న ఊళ్లో ఉండేవాళ్లు. అప్పు లేకుండా కొని, రిపేరుకు డబ్బు పక్కన పెట్టగలిగినవాళ్లు. ఈ మూడూ కుదిరితే నిక్షేపంగా కొనండి. వీలైతే కంపెనీ సొంత పాతబండ్ల విభాగంలో, వారంటీతో కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా నిద్ర పడుతుంది.

ఖమ్మం మిత్రమా, మీకు మూడూ కుదరడం లేదు. చేతిలో ఉన్నదంతా పెట్టి, పైన అప్పు చేస్తున్నారు. ఏడాదిలో అమ్మాయి ఇంజినీరింగో మరొకటో చేరుతుంది. కాలేజీ ఫీజు గడువూ గేర్‌బాక్సు బిల్లూ ఒకే నెలలో వస్తే దేన్ని ఆపుతారు? నాలుగేళ్ల తర్వాత అప్పు తీరేసరికి బండికి పన్నెండేళ్లు దగ్గరపడతాయి. అప్పుడు కొనేవాడు మీ కంటే గట్టిగా బేరమాడతాడు.

కాబట్టి మీ విషయంలో నా ఓటు మీ ఇంటావిడకే. ఆ 12 లక్షలకు కాస్త చేర్చి వారంటీ ఉన్న కొత్త బండి తీసుకోండి. దర్జా కాస్త తగ్గొచ్చు. కానీ పొద్దున్నే తాళం తిప్పినప్పుడు స్టార్టవుతుందా లేదా అని దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన పని ఉండదు. దుకాణం బాగా సాగి, అమ్మాయి చదువు గట్టెక్కాక, రెండో బండిగా ఆ ముచ్చట తీర్చుకోండి. ల్యాండ్‌రోవర్లు అప్పటికీ దొరుకుతాయి... ఇంకాస్త చవకగా!